కొలిమి ఎవరి చేతిలో ఉండాలి? అమెరికా వలస ఊళ్లలో కమ్మరి పాత్ర

క్లుప్తంగా

17, 18 శతాబ్దాల్లో ఉత్తర అమెరికాలోని ఇంగ్లిష్ వలసల్లో కమ్మరి కొత్త వస్తువులు చేసిన దానికంటే పాతవి బాగుచేసిందే ఎక్కువ. అక్కడ ఇనుము ప్రియం, పనివాళ్లు తక్కువ. అందుకే సేద్యం, రవాణా, ఆయుధాలు అన్నీ ఆ బాగుచేత మీద ఆధారపడ్డాయి. కొలిమి ఎక్కడ ఉండాలి, ఎవరికి పనిచేయాలి అనే ప్రశ్న లండన్ పార్లమెంటు నుంచి ఆదివాసీ సభల దాకా రాజకీయంగా మారింది.

సగం నిజం

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే సంవత్సరం 2026. వలస కాలపు ఊళ్ల గురించి చర్చ మళ్లీ వినిపించడానికి అదొక కారణం. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దపు ఊరిని అలాగే నిలబెట్టి చూపిస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను అక్కడి తెలుగువాళ్లు తీసుకెళ్లే చోట్లలో అదీ ఒకటి. ఆనాటి వేషంలో ఒక కమ్మరి కొలిమి ముందు నిలబడి, ఎర్రగా కాలిన ఇనుప చువ్వను నాలుగు దెబ్బల్లో మేకుగా మార్చి చూపిస్తాడు. చూసినవాళ్లకు ఒక అభిప్రాయం కలుగుతుంది. ఊరికి కావలసిన ఇనుప సామానంతా ఇతనే చేసేవాడని, ఆ ఊళ్లు ఎవరి మీదా ఆధారపడకుండా బతికాయని.

ఇది సగమే నిజం. కమ్మరి లేని ఊరు నిలబడలేదన్న మాట నిజమే. కానీ అతను కొట్టే ఇనుములో చాలా భాగం ఓడ మీద వచ్చింది. ఉక్కయితే దాదాపు అంతా దిగుమతే. మేకులు కూడా పీపాల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చేవి. ఆనాటి కమ్మరుల ఖాతా పుస్తకాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో కొత్త గొడ్డలి అమ్మిన పద్దుల కంటే పాత గొడ్డలికి ఉక్కు అతికిన పద్దులు, నాగటి కర్రుకు మొన వేసినవి, గుర్రాలకు లాడాలు కొట్టినవి, తాళం బాగుచేసినవి, విరిగిన గొలుసు కలిపినవే ఎక్కువ కనిపిస్తాయి. వస్తువు అరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు పెంచడమే ఆ కమ్మరి అసలు పని. అతనికి ఉన్న పలుకుబడీ, అతని చుట్టూ నడిచిన గొడవలూ దీని నుంచి పుట్టినవే.

జేమ్స్‌టౌన్: ఉరి తప్పిన కమ్మరి, సానరాయి అడిగిన రాజు

1607 మేలో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగిన మొదటి ఇంగ్లిష్ బృందంలో జేమ్స్ రీడ్ అనే కమ్మరి ఉన్నాడు. అదే ఏడు వలస అధ్యక్షుడు జాన్ రాట్‌క్లిఫ్‌తో తగాదా వచ్చి అతని మీద చేయి చేసుకున్నాడు. ఉరిశిక్ష పడింది. తీరా ఉరికంబం దగ్గరికి వచ్చాక కెప్టెన్ జార్జ్ కెండల్ కుట్ర పన్నుతున్నాడని బయటపెట్టి తాను బతికిపోయాడు. కెండల్‌ను కాల్చి చంపారు. రీడ్‌ను వదిలేయడానికి అతని వృత్తి కారణమని ఆనాటి రాతల్లో ఎక్కడా లేదు. అయితే తిండి గింజలు ఆదివాసీల నుంచి రావాలి, వాళ్లు ఆ గింజలకు బదులు అడిగేది లోహపు సామాను. అలాంటి చోట కమ్మరిని పోగొట్టుకోవడం ఎంత నష్టమో ఊహించడం కష్టం కాదు.

అవతలి వైపు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఇంగ్లిష్ వాళ్లు పౌహాటన్ అని పిలిచిన రాజు, 1608 చివర్లో జాన్ స్మిత్‌కు కబురు పెట్టాడు. ఓడ నిండా మొక్కజొన్న ఇస్తాను, బదులుగా ఇల్లు కట్టడానికి మనుషులు, 50 కత్తులు, కొన్ని తుపాకులు, ఒక కోడిపుంజు, పెట్ట, రాగి, పూసలు కావాలన్నాడు. ఆ జాబితాలో ఒక సానరాయి కూడా ఉంది. కత్తి ఒకసారి దొరికితే చాలదని, దాన్ని పదునుగా ఉంచుకోలేకపోతే కొన్నాళ్లకు అది ఇనుప బద్దగా మిగులుతుందని ఆయనకు తెలుసు. స్మిత్ ఇల్లు కట్టేవాళ్లను పంపాడు, కత్తులు తుపాకులు ఇవ్వలేదు. తర్వాతి రెండు వందల ఏళ్లు ఆ ఖండంలో ఇనుము చుట్టూ నడిచిన బేరాలన్నిటికీ ఇదే నమూనా. వస్తువు ఇవ్వడం ఒక ఎత్తు, దాన్ని బాగుచేసుకునే శక్తి ఇవ్వడం మరో ఎత్తు.

కరిగించేవాడు వేరు, కొట్టేవాడు వేరు

ఇక్కడ పాఠకులకు తరచూ వచ్చే సందేహం ఒకటి. అడవులు, ఖనిజం అంత ఉన్న దేశంలో ఇనుము దిగుమతి ఎందుకు?

ఖనిజం నుంచి ఇనుము తీయడానికి బోలెడంత పెట్టుబడి కావాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజం, బొగ్గు, సున్నపురాయి వేసి కరిగిస్తే వచ్చేది దుక్క ఇనుము. అది పెళుసు. సుత్తి దెబ్బకు పగులుతుంది తప్ప సాగదు. దాన్ని మరో కొలిమిలో మళ్లీ కాచి, నీటి చక్రంతో నడిచే పెద్ద సమ్మెట కింద బాది, మలినం పోగొడితే కడ్డీలుగా చేత ఇనుము వస్తుంది. ఊరి కమ్మరికి కావలసింది ఆ కడ్డీ. అక్కడి దాకా రావాలంటే ఆనకట్ట, నీటి చక్రాలు, వేల ఎకరాల కలప, బొగ్గు కాల్చే మనుషులు, అనుభవమున్న పనివాళ్లు ఉండాలి.

జేమ్స్‌టౌన్ వలసను నడిపిన వర్జీనియా కంపెనీ ఈ ప్రయత్నం 1619లోనే మొదలుపెట్టింది. ఇప్పటి రిచ్‌మండ్‌కు దగ్గర్లో ఫాలింగ్ క్రీక్ వాగు ఒడ్డున ఫర్నేస్ కట్టింది. 1622 మార్చి 22న పౌహాటన్ తెగల వాళ్లు వలస స్థావరాలన్నిటి మీద ఒకేసారి దాడి చేసినప్పుడు అది నాశనమైంది. మసాచుసెట్స్‌లో సాగస్ దగ్గర 1646 ప్రాంతంలో మొదలైన ఇనుప కర్మాగారం ఇంకొంత ముందుకెళ్లింది. చిత్తడి నేలల్లో దొరికే ఖనిజంతో పనిచేసింది. 1650 డన్‌బార్ యుద్ధంలో పట్టుబడ్డ స్కాట్లండ్ ఖైదీలను తెచ్చి అక్కడ పనికి పెట్టారు. కానీ ఖర్చులు, అప్పులు, కోర్టు కేసుల మధ్య అది కూడా పాతికేళ్ల లోపే మూతపడింది. అక్కడ పనిచేసిన జోసెఫ్ జెంక్స్ అనే కమ్మరి మాత్రం పొడవాటి కొడవళ్లను నీటి బలంతో చేసే పద్ధతికి 1646లో మసాచుసెట్స్ సభ నుంచి ప్రత్యేక హక్కు సంపాదించాడు.

18వ శతాబ్దంలో పరిస్థితి మారింది. పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, న్యూజెర్సీల్లో ఫర్నేస్‌లు పెరిగి, కడ్డీ ఇనుము స్థానికంగా దొరకడం మొదలైంది. అప్పుడు కూడా కరిగించే పని కంపెనీలది, కొట్టే పని ఊరి కమ్మరిది. ఈ విభజన గుర్తుంటేనే ముందు చెప్పుకోబోయే 1750 చట్టం అర్థమవుతుంది.

గొడ్డలికి కొత్త అంచు

బాగుచేత అంటే పైపై అతుకు అనుకుంటే పొరపాటు. ఆ పనిలోని నైపుణ్యం చూడాలంటే గొడ్డలిని గమనిస్తే చాలు. అడవి నరికి పొలం చేయాల్సిన దేశంలో గొడ్డలిని మించిన పనిముట్టు లేదు.

గొడ్డలి అంతా ఉక్కుతో చేయరు. ఉక్కు ప్రియం, పైగా దెబ్బ తగిలితే విరుగుతుంది. ఒళ్లంతా మెత్తటి చేత ఇనుము, అంచు దగ్గర మాత్రం సన్నటి ఉక్కు ముక్క ఉంటుంది. వాడి వాడి, సాన పట్టి పట్టి ఆ ఉక్కు అరిగిపోయాక కమ్మరి దగ్గరికి తెస్తారు. అతను అంచును కాచి చీల్చి, ఆ సందులో కొత్త ఉక్కు ముక్క పెట్టి, రెండూ కరిగే అంచుకు వచ్చేదాకా కాస్తాడు. పైన పొడి ఇసుక చల్లుతాడు. ఇసుక కరిగి తుప్పు పొరను తనతో తీసుకుపోతుంది. సరైన క్షణంలో దాగలి మీద పెట్టి కొడితే రెండు లోహాలు ఒకటవుతాయి. క్షణం ముందైతే అతుకు పట్టదు, క్షణం ఆలస్యమైతే ఉక్కు నిప్పురవ్వలుగా కాలిపోతుంది. థర్మామీటర్ లేదు, రంగు చూసి చెప్పాల్సిందే. అందుకే కొలిమి గది చీకటిగా ఉంచుతారు, ఎండలో ఇనుము రంగు తెలియదు కనుక.

అతుకు పని అయ్యాక పదును పట్టించాలి. ఎర్రగా కాచి నీళ్లలో ముంచితే అంచు గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే మెరుగు పెట్టిన ఉక్కు మీద రంగులు పరిగెడతాయి. మొదట లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. ఏ పనిముట్టుకు ఏ రంగు దగ్గర ఆపాలో తెలియడమే విద్య. కత్తికి ఒక రంగు, గొడ్డలికి ఇంకొకటి, స్ప్రింగుకు మరొకటి. ఏళ్ల తరబడి శిష్యరికం చేస్తే గానీ రాని విద్య ఇది. పిల్లవాడు సాధారణంగా 21 ఏళ్లు వచ్చేదాకా గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకోవాలని ఒప్పందం రాసుకునేవారు. మొదటి ఏళ్లన్నీ తిత్తి ఊదడం, బొగ్గు మోయడం, సమ్మెట కొట్టడంతోనే గడిచిపోయేవి.

ఇన్ని గొడ్డళ్లు బాగుచేసిన చేతుల్లోనే గొడ్డలి రూపం కూడా మారింది. యూరప్ నుంచి వచ్చిన గొడ్డలికి వెనక భాగం పలచన, బరువంతా ముందే ఉండేది, విసిరినప్పుడు ఊగేది. 18వ శతాబ్దంలో వలసల కమ్మరులు వెనక భాగాన్ని మందంగా, బరువుగా చేయడం మొదలుపెట్టారు. బరువు పిడికి రెండు వైపులా సమానమయ్యేసరికి దెబ్బ నిలకడగా పడింది. ఫలానా వ్యక్తి కనిపెట్టాడని చెప్పడానికి లేదు. పాత వస్తువు అరుగుదలను రోజూ చూసేవాడికి దాని లోపం తెలుస్తుంది. ఈ మార్పుకు మూలం ఆ చూపే.

మేకుల సంగతి ఇంకో రకం. ఒక్కో మేకు చేత్తో కొట్టాల్సిందే కనుక వాటికి విలువ ఎక్కువ. వర్జీనియాలో పొగాకు నేల సారం తగ్గగానే రైతులు వేరే చోటికి పోయేవాళ్లు. పోతూ పోతూ పాత ఇంటికి నిప్పు పెట్టి బూడిదలోంచి మేకులు ఏరుకునేవాళ్లు. దీన్ని ఆపడానికి 1645లో అక్కడి సభ ఏకంగా చట్టం చేసింది. ఇల్లు తగలబెట్టకుండా వదిలి వెళ్తే, ఆ ఇంట్లో ఎన్ని మేకులు ఉంటాయో ఇద్దరు మధ్యస్థులు అంచనా వేసి అన్ని మేకులు ప్రభుత్వమే ఇస్తుందని.

ఖాతా పుస్తకం, కళ్లం మేర

"కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు" అని తెలుగు సామెత. వలస ఊళ్లలో కమ్మరి వీధే లేదు. ఊరికొక్కడు, కొన్నిచోట్ల నాలుగు ఊళ్లకొక్కడు. ఇంగ్లండ్‌లో తాళాలు చేసేవాడు, మేకులు కొట్టేవాడు, కత్తులు చేసేవాడు, లాడాలు కొట్టేవాడు ఎవరికి వారే. వలసల్లో అవన్నీ ఒక్కడే చేయాలి. ఫిలడెల్ఫియా లాంటి నగరాలు పెరిగాకే మళ్లీ పని విడిపోయింది.

నాణేలు దొరకని రోజులు కనుక లావాదేవీ అంతా పద్దుల మీదే. రైతు కర్రు బాగుచేయించుకుని పద్దు రాయించుకుంటాడు. పంట వచ్చాక మొక్కజొన్నో, పంది మాంసమో, కట్టెలో, రెండు రోజుల కూలి పనో ఇచ్చి చెల్లేస్తాడు. వర్జీనియాలో పొగాకే డబ్బు. లెక్క తేలడానికి ఏడాది పట్టడం మామూలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. ఊళ్లో అందరూ కమ్మరికి బాకీ ఉండేవాళ్లు, కమ్మరి ఇనుప వర్తకుడికి బాకీ ఉండేవాడు.

తెలుగు పల్లెల్లోని పాత పద్ధతి పక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. విజయనగర కాలం నుంచి చెప్పుకునే పన్నిద్దరు ఆయగాళ్లలో, అంటే ఊరి పనులు చేసే పన్నెండు మంది వృత్తిదారుల్లో, కమ్మరి ఒకడు. పంట కళ్లంలో ఉండగానే అతని మేర, అంటే గింజల్లో వాటా, అతనికి కొలిచి ఇచ్చేవాళ్లు. ఏడాదిలో కర్రు ఎన్నిసార్లు కాల్చి సాగదీశాడన్న లెక్క లేదు. బాగుచేతకు ముందే కట్టిన చందా లాంటిది మేర. రైతుకు పని ఆగదన్న భరోసా, కమ్మరికి తిండికి లోటు లేదన్న భరోసా. కానీ అదే పద్ధతి అతన్ని కులానికి, ఊరికి కట్టేసింది. పనితనం పెరిగినా మేర పెరగదు.

అమెరికాలో లెక్క తారుమారు. భూమి చౌక, పనితనం ప్రియం. నచ్చకపోతే తెల్లజాతి కమ్మరి కొలిమి ఆర్పి పక్క లోయలో పొలం కొనుక్కునేవాడు. చాలామంది చేసింది కూడా అదే. అందుకే మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల వలసలున్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు ఊళ్లు కమ్మరిని రప్పించుకోవడానికి భూమి రాసిచ్చేవి, కొన్నేళ్లు ఇక్కడే పనిచేయాలని షరతు పెట్టేవి. ఈ బేరం ఆడే స్వేచ్ఛ అందరు కమ్మరులకూ లేదన్నది వేరే సంగతి, అక్కడికి వద్దాం.

ఆదివాసీ ఊళ్లలో కొలిమి

తుపాకీ చేతికొచ్చాక ఆదివాసీ జాతుల వేట, యుద్ధం దాని మీదే నడిచాయి. తుపాకీలో చెకుముకి రాయిని కొట్టించే స్ప్రింగు విరిగితే అది ఉత్త గొట్టం. స్ప్రింగు చేయడం గొడ్డలి అతుకు కంటే కష్టమైన పని. కాబట్టి అసలు ఆధారపడటం తుపాకీ అమ్మేవాడి మీద కాదు, బాగుచేసేవాడి మీద. ఇంగ్లిష్ వలసలు ఇది గ్రహించి, ఆదివాసీల ఆయుధాలు బాగుచేయకూడదని 17వ శతాబ్దంలోనే కమ్మరులకు ఆంక్షలు పెట్టాయి. ఫ్రెంచివాళ్లు తెలివిగా దీన్నే తిరగేశారు. గ్రేట్ లేక్స్ ప్రాంతపు కోటల్లో కమ్మరులను పెట్టి, బాగుచేతనే స్నేహానికి సాధనంగా వాడుకున్నారు.

ఆదివాసీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. న్యూ ఇంగ్లండ్‌లో 1675-76లో ఇంగ్లిష్ వాళ్లు కింగ్ ఫిలిప్ అని పిలిచిన ఆదివాసీ నాయకుడు వలసల మీద చేసిన యుద్ధంలో వాళ్ల దగ్గర సొంత కొలిములు ఉన్నాయి. 1676 మేలో కనెక్టికట్ నది మీద ఇప్పుడు టర్నర్స్ ఫాల్స్ అని పిలిచే జలపాతం దగ్గర కెప్టెన్ విలియం టర్నర్ దళం దాడి చేసింది. చంపిన మనుషులతో పాటు, ఆయుధాలు బాగుచేసే రెండు కొలిములను పగలగొట్టామని, సీసం దిమ్మలను నదిలో పారేశామని ఆనాటి ఇంగ్లిష్ కథనం ప్రత్యేకంగా చెప్పుకుంది. శత్రువు కొలిమిని గెలుపు లెక్కలో వేసుకున్నారంటేనే దాని విలువ తెలుస్తోంది.

కొన్ని ఆదివాసీ జాతుల కూటమి అయిన ఇరోక్వా సమాఖ్య దారి వేరు. తమ ఊళ్లలో కమ్మరిని పెట్టమని వలస ప్రభుత్వాలతో జరిగే సభల్లో పదేపదే అడిగేది. పెన్సిల్వేనియాలో షమోకిన్ అనే ఊరి దగ్గర సమాఖ్య ప్రతినిధిగా ఉన్న షికెలమీ కోరిక మీద, 1747లో మొరావియన్ క్రైస్తవ మిషన్ అక్కడొక కమ్మరి కొలిమి పెట్టించింది. ఆదివాసీలకు కావలసింది కమ్మరి, మిషన్‌కు కావలసింది మతబోధ. ఇద్దరికీ ఆ కొలిమి ఒక ఒప్పందం. 1755లో సరిహద్దులో యుద్ధం రాజుకున్నాక మిషన్ వాళ్లు ఊరు వదిలారు, కొలిమి కూడా పోయింది. ఈ అలవాటు అమెరికా స్వతంత్ర దేశమయ్యాక కూడా పోలేదు. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో లకోటా తదితర జాతులకు ప్రభుత్వం ఏటా సమకూర్చాల్సిన వాళ్ల జాబితాలో వైద్యుడు, టీచర్లు, వడ్రంగితో పాటు కమ్మరి పేరూ ఉంది.

బానిస కమ్మరి

దక్షిణాది వలసల్లో కొలిమి దగ్గర నిలబడ్డవాళ్లలో చాలామంది ఆఫ్రికన్ బానిసలు. పశ్చిమాఫ్రికాలో ఇనుము పనికి తరాల చరిత్ర ఉంది. కొందరు ఆ విద్యతోనే వచ్చారు, ఎక్కువమంది ఇక్కడ నేర్చుకున్నారు. పారిపోయిన బానిసల కోసం వర్జీనియా పత్రికల్లో వేసిన ప్రకటనల్లో "కమ్మరి పని తెలిసినవాడు" అన్న గుర్తు తరచూ కనిపిస్తుంది. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో నాట్, జార్జ్ అనే ఇద్దరు బానిస కమ్మరులు పనిచేశారు. ఆ కొలిమి ఎస్టేట్ పనులే కాక చుట్టుపక్కల రైతుల పనులూ చేసేది. పద్దు వాషింగ్టన్ ఖాతాలో పడేది. స్వాతంత్ర్యం తర్వాత 1794లో, స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ తన ఎస్టేట్ మాంటిచెల్లోలో మేకుల షెడ్డు తెరిచి, 10 నుంచి 16 ఏళ్ల బానిస పిల్లలతో మేకులు కొట్టించాడు. ఆ ఆదాయం ఇంటి ఖర్చులకు ఆసరా అయింది. స్వేచ్ఛ మీద ఆయన రాసిన మాటల పక్కన ఈ షెడ్డును పెట్టి చదవాల్సిందే.

కమ్మరి పని బానిసకు ఒక వెసులుబాటు ఇచ్చేది. పొలంలో పనిచేసేవాడు యజమాని కంటికి ఎదురుగా ఉండాలి. కమ్మరిని ఊళ్లోకి అద్దెకు పంపేవాళ్లు. అతను రోడ్ల మీద తిరిగేవాడు, పదిమందితో మాట్లాడేవాడు, కొన్నిసార్లు నాలుగు రాళ్లు వెనకేసుకునేవాడు. రిచ్‌మండ్ దగ్గర బ్రూక్‌ఫీల్డ్ తోటలో బానిసగా ఉన్న గేబ్రియల్ ఇలాంటి కమ్మరే. 1800లో అతను వర్జీనియా రాజధానిని పట్టుకునే తిరుగుబాటుకు పథకం వేశాడు. కమ్మరి అయిన అన్న సాలమన్‌తో కలిసి కొడవళ్లను విరిచి కత్తులు చేయించాడు. ఆగస్టు 30 రాత్రి ముహూర్తం. ఆ రాత్రి కుండపోత వాన పడి వంతెనలు కొట్టుకుపోయాయి, ఈలోగా పథకం సంగతి యజమానులకు చేరింది. అక్టోబరులో గేబ్రియల్‌ను ఉరితీశారు, మొత్తం 26 మంది దాకా ఉరికంబమెక్కారు. తర్వాత వర్జీనియా బానిసల కదలికల మీద పట్టు బిగించింది. విముక్తి పొందినవాళ్లు 12 నెలల్లో రాష్ట్రం వదిలిపోవాలని 1806లో చట్టం చేసింది.

1750 ఇనుము చట్టం: ఏది ఆపింది, ఏది ఆపలేదు

బ్రిటిష్ పార్లమెంటు 1750లో చేసిన ఇనుము చట్టం గురించి ఒక అపోహ ఉంది. వలసల్లో కమ్మరి పనినే నిషేధించారని కొందరు రాస్తారు. అలా జరగలేదు. చట్టంలో రెండు ముక్కలు. దుక్క ఇనుము, కడ్డీ ఇనుము వలసల నుంచి ఇంగ్లండ్‌కు పంపుకోవడానికి సుంకాలు సడలించారు. అదే సమయంలో వలసల్లో కొత్తగా ఇనుప రేకులు, చువ్వలు చేసే మిల్లులు, నీటి బలంతో నడిచే సమ్మెటలతో రేకులు సాగదీసే కార్ఖానాలు, ఉక్కు ఫర్నేస్‌లు పెట్టకూడదన్నారు. పెడితే 200 పౌండ్ల జరిమానా. అప్పటికే ఉన్నవాటిని మూయమనలేదు.

ముడి సరుకు ఇటు పంపండి, తయారైన సరుకు ఇక్కడి నుంచి కొనండి అన్నదే దీని సారం. ఊరి కమ్మరి సుత్తిని ఈ చట్టం ముట్టుకోలేదు. కానీ అతనికి కావలసిన మేకు చువ్వ, రేకు, ఉక్కు సముద్రం అవతలి నుంచే రావాలని కోరుకుంది. అమలు మాత్రం అంతంత మాత్రమే. కొత్త మిల్లులు గుట్టుగా లేస్తూనే ఉన్నాయి, గవర్నర్లు చూసీచూడనట్టు ఊరుకున్నారు. 1775 నాటికి ఈ వలసల్లో ఏటా దాదాపు 30 వేల టన్నుల ఇనుము తయారయ్యేదని చరిత్రకారుల అంచనా. అది ఆనాటి ప్రపంచ ఉత్పత్తిలో ఏడో వంతు.

స్వాతంత్ర్య యుద్ధం వచ్చాక దీని ఫలితం రెండు రకాలుగా కనిపించింది. ఇనుముకు కొదవ లేదు, కొత్త తుపాకులు పెద్ద ఎత్తున చేసే కార్ఖానాలు లేవు. అందుకే మళ్లీ బాగుచేసేవాడే దిక్కయ్యాడు. విలియమ్స్‌బర్గ్‌లో జేమ్స్ ఆండర్సన్ అనే కమ్మరి వర్జీనియా ప్రభుత్వ ఆయుధశాల నడిపాడు. ఆ కొలిముల దగ్గర శిష్యులు, బానిసలు, ఫ్రెంచి తుపాకీ పనివాళ్లు కలిసి పనిచేశారు. సైన్యం తుపాకులను బాగుచేయడం అక్కడ ముఖ్యమైన పని. పెద్ద పని జరిగింది న్యూయార్క్‌లో. బ్రిటిష్ ఓడలు హడ్సన్ నది ఎక్కి రాకుండా స్టెర్లింగ్ ఇనుప కార్ఖానా భారీ గొలుసు చేసింది. ఒక్కో లింకు 2 అడుగులకు పైగా పొడవు, 45 కిలోలకు పైగా బరువు. 1778 ఏప్రిల్ 30న వెస్ట్ పాయింట్ దగ్గర దాన్ని దుంగల మీద తేలుస్తూ నదికి అడ్డంగా కట్టారు. బ్రిటిష్ ఓడలు దాన్ని దాటే ప్రయత్నమే చేయలేదు. ఆ యుద్ధంలో వాషింగ్టన్ నమ్ముకున్న జనరల్ నథానియల్ గ్రీన్ రోడ్ ఐలాండ్‌లో ఓడల లంగర్లు చేసే కొలిమి కుటుంబంలో పుట్టినవాడే.

అదే సామ్రాజ్యం, తెలుగు కొలిమి

అమెరికా చేజారాక బ్రిటన్ చూపు ఇండియా మీదికి తిరిగింది. ఇక్కడ కథ ఉల్టా. అమెరికాలో పనివాళ్లు కరువు, ఇక్కడ విద్య తరతరాలది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసే ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవాళ్లు. 1820ల తొలినాళ్లలో హెన్రీ వాయిసీ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఆ పద్ధతిని చూసి వివరంగా రాశాడు. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండ్ నుంచి చౌక ఇనుము, ఉక్కు రావడంతో ఆ మూసలు చల్లబడ్డాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం వచ్చాక బొగ్గు కాల్చుకోవడం కూడా కష్టమైంది. ఇండియాలో పోయింది కరిగించేవాడు. ఊరి కమ్మరి పోలేదు. ఓడ మీద వచ్చిన ఇంగ్లిష్ కడ్డీతో, తర్వాత పాత ఇనుముతో అతను కర్రులు కాలుస్తూనే ఉన్నాడు. తుపాకుల మాటకొస్తే, 1878 ఆయుధాల చట్టం వాటి తయారీకి, అమ్మకానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. న్యూ ఇంగ్లండ్‌లో ఆదివాసీల తుపాకీ బాగుచేయొద్దన్న ఆంక్ష వెనక ఉన్న భయమే ఇక్కడా కనిపిస్తుంది.

యంత్రం వచ్చాక

అమెరికాలో కొత్త వస్తువు చేసే పని కమ్మరి చేతి నుంచి ఒక్కొక్కటిగా జారిపోయింది. 1790ల నుంచి మేకులు కత్తిరించే యంత్రాలు వచ్చాయి. 1826లో కనెక్టికట్‌లో కాలిన్స్ కంపెనీ గొడ్డళ్లు పెద్ద ఎత్తున చేయడం మొదలుపెట్టింది. 1835లో హెన్రీ బర్డెన్ గుర్రపు లాడాలు చేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అయినా లాడాన్ని ఫలానా గుర్రం డెక్కకు సరిపోయేలా వంచి కొట్టేది కమ్మరే. కొత్త గొడ్డలి షాపులో కొన్నా అంచు విరిగితే అతని దగ్గరికే. అలా ఇంకో వందేళ్లు కొలిమి ఆరలేదు. 20వ శతాబ్దం మొదట్లో పల్లెలకు మోటారు కార్లు వచ్చి, గతుకుల రోడ్ల మీద స్ప్రింగులు విరిగి ఆగిపోయినప్పుడు జనం ముందుగా వెతుక్కుంది కమ్మరినే. గుర్రాలు తగ్గేకొద్దీ చాలా కొలిములు గ్యారేజీలుగా మారాయి. దాగలి పక్కన వెల్డింగ్ సిలిండర్ చేరింది. మన దగ్గర ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక కమ్మరి ఇళ్ల పిల్లల్లో చాలామంది వెల్డింగ్ షాపులు పెట్టుకున్నారు. కల్టివేటర్ బ్లేడు అరిగినా, ట్రాలీ కొక్కెం విరిగినా ఊళ్లో రైతు తీసుకెళ్లేది అక్కడికే.